బడబాగ్నికి కావలివారు

సముద్రగర్భంలో అగ్ని ఉన్నదని మన పూర్వులు నమ్మినారు. భృగువంశీయుడైన ఔర్వుడు తన కోపాగ్నితో లోకాలను దహింపబూనగా, పితృదేవతలు వారించి దానిని సముద్రంలో విడిపించినారనీ, నాటినుండి అది ఆడుగుర్రపు ముఖంతో నీటిని త్రాగుతూ ఉన్నదనీ భారతంలోని ఆదిపర్వం చెబుతున్నది. నీటికీ నిప్పుకూ గల వైరాన్ని కథగా మలచిన ఆ ఊహ ఎంత చక్కనిదో! ఐతే ఈనాడు నడిసముద్రంలో నిజంగానే నిప్పు ఉన్నది. ప్రతి పెద్ద ఓడ కడుపులోనూ అది రాత్రింబవళ్ళు మండుతూనే ఉంటుంది. దానిని మండించేవారు, అదుపులో ఉంచేవారు, అది అలిగినపుడు చల్లార్చేవారు కొందరున్నారు. వారినే మెరైను ఇంజనీర్లు అంటున్నాము. ఓడ బొమ్మ చూచినవారికి కప్తాను గుర్తుకు వస్తాడు. తెరచాప గుర్తుకు వస్తుంది. దిగువ అంతస్తులో చెమటలు కక్కే ఈ మనిషి మాత్రం ఎవరికీ గుర్తుకు రాడు.

జగిత్యాలకు గాని, కోరుట్లకు గాని, సిరిసిల్లకు గాని సముద్రం ఏ దిక్కునా దగ్గర కాదు. ఇక్కడివారికి తెలిసిన పెద్దనీరు ధర్మపురి ముందు పారే గోదావరి, సిరిసిల్ల ప్రక్కన మానేరు. అయినా ఈ మూడు ఊళ్ళ చుట్టుపట్ల సముద్రం దాటినవాడు లేని పల్లె అరుదు. దుబాయి, మస్కటు, కువైత్తు అనే పేర్లు ఇక్కడి ముసలమ్మల నోట కూడ మేనత్త ఊరి పేర్ల వలె పలుకుతవి. ఇటీవల ఇంటర్మీడియటు ముగించిన పిల్లలు, మెకానికల్ ఇంజనీరింగు చదివిన యువకులు కొందరు ఓడ ఉద్యోగాలను గురించి కూడ విచారిస్తున్నారు. జీతమెంత అని అడిగేవారే గాని, పని ఎట్టిదని అడిగేవారు తక్కువ. ఆ అడగని ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

సముద్రంతో మాకేమి పని అని మెట్టప్రాంతంవారు అనడానికి వీలులేదు. ఓరుగంటినుండి ఏలిన కాకతి గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించినాడు. అంతకు ముందటి రాజులు తుపాను దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సొమ్మును బలవంతంగా లాగుకొనేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ గ్రహింపనని ఆయన నావికులకు మాట ఇచ్చినాడు. ప్రాణాలకు తెగించి కడలి మీద తిరిగేవాని కష్టం ఎరిగినవాడు గనుకనే, మెట్టభూముల నడుమనుండి ఆ మాట ఈయగలిగినాడు. నేటికీ మన దేశపు విదేశ వ్యాపారంలో, సరుకు పరిమాణాన్ని బట్టి చూస్తే, నూటికి 95 పాళ్ళు ఓడల మీదనే సాగుతున్నది. మన లారీలో పోసే డీజిలు పుట్టిన ముడిచమురు, మన పొలంలో చల్లే ఎరువు ఏదో ఒక ఓడ ఇంజను గదికి ఋణపడినవే.

ఇంజను గది

సరుకుల ఓడలో వెనుకభాగాన, చాలవరకు నీటిమట్టానికి దిగువగా ఇంజను గది ఉంటుంది. గది అన్నామే గాని, అది నాలుగైదు అంతస్తుల మేడంత లోతుగలది. ఇనుప నిచ్చెనలు దిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. ఉష్ణమండలంలో ప్రయాణించేటపుడు 45 డిగ్రీల వేడిలో పనిచేయడం అక్కడ వింత కాదు. రోహిణికార్తెలో జగిత్యాల ఎండను ఎరిగినవారికి ఆ అంకె అర్థం తెలుసు. ఆ ఎండకు యంత్రాల మోతను, నూనె వాసనను, కాళ్ళక్రింద ఊగే నేలను చేర్చి ఊహించుకోవలె.

ప్రధాన యంత్రం రెండు స్ట్రోకుల డీజిలు ఇంజను. ఒకప్పుడు మన బావుల దగ్గర టకటకలాడిన డీజిలు ఇంజనుకు అది దూరపు చుట్టమే. పరిమాణంలో మాత్రం పోలిక లేదు. 2006లో ప్రయాణం ప్రారంభించిన ఎమ్మా మెర్స్క్ అనే ఓడలోని ఇంజను ఎత్తు 13 మీటర్లకు పైన, పొడవు సుమారు 27 మీటర్లు, బరువు 2,300 టన్నులు, బలం లక్ష అశ్వశక్తికి మించినది. ఇంతటి యంత్రం తిరిగేది నిమిషానికి 100 చుట్లకు అటూ ఇటుగా మాత్రమే. ఏనుగు అడుగు వలె నెమ్మదిగా పడుతుంది. పడితే మాత్రం తిరుగులేదు.

దానికి పోసే నూనె మనం బంకులో చూచే డీజిలు కాదు. ముడిచమురునుండి పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు తీసివేయగా అడుగున మిగిలిన మడ్డినూనె చాలకాలంగా ఓడలకు ఆహారం. చల్లగా ఉన్నపుడు అది తారువలె చిక్కబడి కదలదు. దానిని వేడిచేసి, గిర్రున తిరిగే ప్యూరిఫయరులో నీరూ మట్టీ వేరుచేసి, మరల సుమారు 130 డిగ్రీల వరకు కాచి పలుచన చేసిన పిమ్మటనే ఇంజనులోనికి పంపుతారు. తేలికది ఒక వైపు, బరువైనది ఒక వైపు చేరే ఈ సూత్రం పెరుగు చిలికే ఇల్లాలికి క్రొత్త కాదు. చిలుకుడు చాలకపోతే మజ్జిగలో వెన్న మిగిలిపోయినట్లే, ప్యూరిఫయరు పని చెడితే నూనెలో నీరు మిగిలిపోతుంది. వెన్న పోతే ఒకపూట నష్టం. నూనెలో నీరు చేరితే నడిసముద్రంలో ఇంజను ఆగుతుంది.

ఈ మధ్యకాలంలో మరొక చిక్కు వచ్చిపడినది. గాలి కలుషితం కాకుండ ఉండుటకై 2020 జనవరి 1 నుండి ఓడల నూనెలో గంధకం 3.50 శాతానికి బదులు 0.50 శాతం మించరాదని అంతర్జాతీయ నిబంధన అమలులోకి వచ్చినది. కొన్ని తీరాల దగ్గర 0.10 శాతమే హద్దు. పొగను కడిగే పరికరం లేని ఓడలు అట్టి తీరాలను సమీపించేటపుడు ఒక నూనెనుండి మరొక నూనెకు మారవలసి ఉంటుంది. వేడినూనెకు అలవాటుపడిన పంపులోనికి పలుచని చల్లని నూనె ఒక్కసారిగా వచ్చిపడితే లోహం ముడుచుకొని పంపు బిగుసుకొంటుంది. నిమిషానికి 2 డిగ్రీలకు మించకుండ వేడిని మార్చుకొంటూ పోవలెనని యంత్రం తయారుచేసినవారి హెచ్చరిక. నిబంధన వ్రాసుకొనడం తేలిక. తీరం దగ్గరపడుతూ, పైనుండి కప్తాను తొందరపెడుతూ ఉండగా ఓపికతో డిగ్రీలు లెక్కపెట్టుకొనడం కష్టం. ఇంజను గది చిక్కులన్నిటికీ మూలం ఇక్కడనే ఉన్నది. యంత్రానికి కావలసినది నిదానం. మనిషికి సహజమైనది తొందర.

మూత తెరవరాదు

ఓడ ఇంజనుకు రెండు పెద్ద గండాలు ఉన్నవి. ఒకటి, సిలిండరులోనికి గాలి పంపే అరలో నిప్పంటుకొనడం. పిస్టను క్రిందనుండే ఆ అరలో నూనెమడ్డి పేరుకొన్నపుడు పైనుండి నిప్పురవ్వలు జారితే అది రాజుకొంటుంది. ఆ సిలిండరునుండి వచ్చే పొగ వేడెక్కుతుంది. అర గోడ మీది రంగు బొబ్బలు లేస్తుంది. అపుడు వేగం తగ్గించి, ఆ సిలిండరుకు నూనె ఆపి, దాని గోడలకు కందెన పెంచి, నిప్పు తానుగా చల్లారే వరకు కాచుకొని ఉండవలె.

రెండవది ఇంకను ఘోరమైనది. ఇంజను అడుగున క్రాంకు తిరిగే పెద్ద పెట్టెలో ఏదో ఒక బేరింగు వేడెక్కితే, దాని మీద పడిన కందెననూనె ఆవిరియై, ఆ ఆవిరి చల్లని చోటికి పోయి మంచువలె పెట్టెనంతా నింపుతుంది. ఆ పొగమంచు తగిన పాళ్ళలో గాలితో కలిసిన క్షణాన, వేడెక్కిన ఆ బేరింగే నిప్పుకణిక అవుతుంది. 1947 సెప్టెంబరు 11వ తేదీన ఉత్తర ఐర్లండు తీరం దగ్గర, మరమ్మతు అనంతరం పరీక్షార్థం నడుపుతున్న రైనా దెల్ పసిఫికో అనే ప్రయాణికుల ఓడలో పిస్టను ఒకటి వేడెక్కి ఇట్టి విస్ఫోటనం జరిగినది. 28 మంది మరణించినారు. ఆ విపత్తుపై జరిగిన విచారణ, పరిశోధనల ఫలితంగానే, లోపలి ఒత్తిడి పెరిగినపుడు తెరుచుకొని వెంటనే మూసుకొనే కవాటాలకు, నూనెపొగను ముందే పసిగట్టే పరికరాలకు ప్రాముఖ్యం వచ్చినది. ఈనాడు ఏ ఓడ మీదనైన ఆ గంట మ్రోగితే చేయవలసినది ఒక్కటే: వేగం తగ్గించి, ఇంజను ఆపి, మనుషులను దూరంగా పంపి, చల్లారే వరకు తలుపు ముట్టకుండ ఉండడం. తొందరపడి తెరిచినవాడు లోపలి పొగకు కావలసిన గాలిని తన చేతులతోనే అందించినవాడవుతాడు.

మూడవ అపాయానికి మన పల్లెలలోనే ఉదాహరణ ఉన్నది. పాడుబడిన బావిలోనికి మోటారు తీయడానికి ఒకడు దిగి, చెడుగాలికి సొమ్మసిల్లుతాడు, వానిని కాపాడ దిగిన అన్నయు అట్లే పడిపోతాడు, తరువాత పొరుగువాడు. ఇట్టి వార్త పత్రికలలో చదవని సంవత్సరం లేదు. ఓడలోని మూసిన తొట్లు, అడుగు అరలు సరిగ్గా ఆ బావుల వంటివే. ఇనుము తుప్పుపట్టుతూ లోపలి గాలిలోని ఆమ్లజనిని తినివేస్తుంది. కొలిచిచూడనిదే అడుగుపెట్టరాదనీ, పడిపోయినవాని వెంట ఊపిరితిత్తి లేకుండ దూకరాదనీ మొదటిరోజుననే నేర్పుతారు. అనగా, గాలిసీసా కట్టుకొనకుండ ఆ తొట్టిలోనికి దిగరాదన్నమాట. నేర్పినా మరణాలు ఆగలేదు. ఆప్తుడు కళ్ళముందు పడిఉండగా నిలబడి ఆలోచించడం మనిషికి అంత కష్టం.

ఈ మూడింటిలోనూ ఒకే నీతి ఉన్నది. మన సహజబుద్ధి తెరువుమంటుంది, దూకుమంటుంది, పరుగెత్తుమంటుంది. శిక్షణ ఆగుమంటుంది. మెరైను ఇంజనీరు నేర్వవలసిన మొదటి విద్య చేతితో పని చేయడం. రెండవది, అంతకంటె కష్టమైనది, చేతిని ఆపుకొనడం.

ఒక తీగ

2024 మార్చి 26వ తేదీ తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోరు రేవునుండి డాలీ అనే ఓడ బయలుదేరినది. పొడవు సుమారు 300 మీటర్లు. అందులోని 21 మంది సిబ్బందిలో 20 మంది భారతీయులు. రేవు దాటక ముందే ఓడలో దీపాలన్నీ ఆరిపోయినవి. మరల వెలిగి, మరల ఆరినవి. చుక్కాని చెప్పినట్లు వినలేదు. ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని కొట్టగా వంతెన క్షణాలలో కూలినది. దానిపై రాత్రిపూట మరమ్మతు చేస్తున్న కూలీలు ఆరుగురు మరణించినారు. పొట్టకూటికి పరదేశం వచ్చినవారే వారందరూ.

అమెరికా ప్రభుత్వపు విచారణ సంఘం 2025 నవంబరులో తన నిర్ణయం ప్రకటించినది. అంత పెద్ద ఓడ నిలిచిపోవడానికి మొదటి కారణం ఒక్క వదులు తీగ. తీగకు గుర్తుగా తొడిగిన చిన్న చీటీ అడ్డుపడి, ఆ తీగ తన గూటిలో పూర్తిగా దిగలేదు. అది కదలగా స్విచ్చి విడిపోయి విద్యుచ్ఛక్తి ఆగినది. రెండవసారి చీకటి కావడానికి కారణం వేరు. జనరేటర్లకు నూనె అందించే పనికి, ఆ పని కోసం ఉద్దేశింపని వేరొక పంపును వాడుతున్నారు. అది ఒకసారి ఆగితే మనిషి పోయి నడపవలెనే గాని తనంతట తాను తిరగదు.

ఈ రెండు కారణాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలె. మొదటిది చూపు తప్పిన పని. ఓడలో వేలకొలది తీగలు ఉంటవి. అందులో ఒకటి వదులైనదని కనిపెట్టడం సామాన్యం కాదు. రెండవది అలవాటు. పని సాగిపోతున్నది గదా అని, వాడరాని పంపును వాడుకకు తెచ్చుకొన్నారు. ఇంజను గదిలో ప్రమాదం తరచుగా ఈ రెండు దారులనే వస్తుంది. కనిపించనిది ఒకటి, కనిపిస్తూ ఉన్నా అలవాటైపోయినది మరొకటి.

సాంచెల షెడ్డు చెప్పే పాఠం

ఒక్క తీగ అన్న మాట వినగానే సిరిసిల్లవారికి ఒక్క పోగు గుర్తుకు రాక మానదు. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. ఒక్క మనిషి అనేక సాంచెల నడుమ తిరుగుతూ ఉంటాడు. పేక పోగు తెగితే సాంచె సాధారణంగా తానే ఆగుతుంది. పడుగులో పోగు తెగితే మాత్రం మనిషి కన్నే దానిని పట్టవలె. పట్టకపోతే గుడ్డ పొడవునా గీత పడుతుంది. బయటివానికి ఆ షెడ్డులో వినిపించేది ఒక్కటే మోత. పనివానికి మాత్రం ఏ సాంచె మాట మారినదో తెలుస్తుంది. నాడె విసురులో తేడా వచ్చినా, పట్టా వదులైనా, కంటికి ముందే చెవి చెబుతుంది.

ఓడ ఇంజనీరుకు కావలసిన విద్య ఇదియే. పాతకాలపు ఇంజనీర్లు ఇనుపకడ్డీ ఒక కొనను యంత్రానికి, రెండవ కొనను చెవిప్రక్క ఎముకకు ఆనించి బేరింగు మాట వినేవారు. వైద్యుడు గుండె వినినట్లే అది. అరచేయి పంపుపై ఉంచి దాని వణుకులోని మార్పును గుర్తించేవారు. ఇప్పుడు వేడిని, ఒత్తిడిని కొలిచే పరికరాలు వందలకొలది ఉన్నవి. చాల ఓడలలో రాత్రిపూట ఇంజను గదిలో మనిషే ఉండడు. లోపం కలిగితే నిద్రిస్తున్న ఇంజనీరు గదిలో గంట మ్రోగుతుంది. ఇది మేలే. చెవుడు తగ్గినది, కాయకష్టం తగ్గినది. ఐతే గంట మ్రోగడమంటే లోపం అప్పటికే ఒక హద్దు దాటినదని అర్థం. ఆ హద్దుకు ముందు ఉన్న సన్నని మార్పును పట్టేది తిరిగి చూచే మనిషే. డాలీలోని తీగను ఏ గంటా ముందుగా చెప్పలేదు.

కాబట్టి మన ప్రాంతపు యువకులు సముద్రాన్ని చూడలేదని చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. సాంచెల షెడ్డులో పెరిగినవానికి, బావిదగ్గర మోటారు విప్పి బిగించినవానికి, ఈ విద్యకు కావలసిన మూలధనం కొంత ముందే ఉన్నది. లేనిదల్లా దానికి శాస్త్రం అండ.

శిక్షణ పుట్టిన తీరు

పరాయి పాలనలో ఓడల క్రింది అంతస్తులో బొగ్గు ఎత్తిపోసే చేతులు మనవి. అధికారం చేసే ఇంజనీరు ఉద్యోగం మనవారికి అందనిది. 1927లో బొంబాయి రేవులో డఫరిన్ అనే శిక్షణనౌక ఏర్పడిన పిమ్మట భారతీయ యువకులకు నౌకాధికారులయ్యే దారి తెరచుకొన్నది. ఇటు మన తీరంలో, వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో 1941లో విశాఖపట్టణంలో నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన జరిగినది. అక్కడ తయారైన జల ఉష 1948 మార్చి 14న నెహ్రూగారి చేతులమీదుగా నీటిలోనికి దిగినది. ఓడలు కట్టుకొన్న తరువాత నడుపుకొనేవారు కావలె గదా! 1949లో కలకత్తా, బొంబాయి నగరాలలో మెరైను ఇంజనీరింగు శిక్షణ ప్రారంభమైనది. మరమ్మతు కర్మాగారాలలో చేతిపని, దానితోపాటు శాస్త్రపాఠం, ఈ రెండింటి జోడింపే ఆ శిక్షణకు ప్రాణం. అక్కడినుండి వచ్చినవారు ప్రపంచమంతటా మన్నన పొందినారు.

2008లో ఇండియన్ మారిటైం యూనివర్సిటీ ఏర్పడి ఆ పాత సంస్థలు అందులో చేరినవి. విశాఖలోను ఆ విశ్వవిద్యాలయానికి ప్రాంగణం ఉన్నది. ఇంటర్మీడియటులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు ప్రవేశపరీక్ష వ్రాసి నాలుగేండ్ల మెరైను ఇంజనీరింగు చదువవచ్చు. మెకానికల్ పట్టభద్రులకు ఒక సంవత్సరపు ప్రత్యేకశిక్షణ ఉన్నది. సముద్రలంఘనం చేసిన ఆంజనేయుడు వెలసిన కొండగట్టు దాపున, నాచుపల్లిలో 2007లో స్థాపితమైన జె.ఎన్.టి.యు. కళాశాలలో మెకానికల్ చదివే విద్యార్థులకు ఈ దారి తెరిచే ఉన్నది. పదవతరగతి చదివినవారికి ఆరునెలల శిక్షణతో సామాన్య నావికులుగా చేరే మార్గం వేరే ఉన్నది. ఇంజనీరుకు చదువు ముగిసిన పిమ్మట కనీసం ఆరునెలలు ఓడమీద పనిచేసిన తరువాతనే నాల్గవ తరగతి యోగ్యతాపరీక్ష. ఆపైన రెండవ తరగతి. చివరకు మొదటి తరగతి. అది నెగ్గి, కావలసిన అనుభవం పొందినవాడు చీఫ్ ఇంజనీరు కాగలడు. ఈ పరీక్షలలో వ్రాతతోపాటు నోటిపరీక్ష ఉంటుంది. పుస్తకం కంఠస్థం చేసినవాడు వ్రాతలో గట్టెక్కవచ్చును, "గంట మ్రోగినది, నీవు ఒంటరిగా ఉన్నావు, ఏమి చేస్తావు?" అన్న ప్రశ్నకు కంఠస్థం పనికిరాదు.

1978లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం నావికుల శిక్షణకు ప్రపంచమంతటికీ ఒకే కొలత పెట్టినది. 1995, 2010 సంవత్సరాలలో దానిని సవరించి, ఏమి చదివినాడనుటకంటె ఏమి చేయగలడన్నదే ముఖ్యమని నిర్ణయించినారు. మాట బాగున్నది. ఆచరణలో లోపం కలుగుతున్నది. కృత్రిమంగా ఇంజను గదిని చూపే సిమ్యులేటర్లు వచ్చినవి. వానివలన గొప్ప మేలు ఉన్నది. నిజమైన ఓడలో తెచ్చిపెట్టరాని ప్రమాదాన్ని అక్కడ పదిసార్లు తెచ్చిపెట్టి నేర్పవచ్చును. కాని వానిలో వేడి లేదు, వాసన లేదు, మూడురాత్రులు నిద్రలేని అలసట లేదు, పట్టువదిలిన బోల్టు చేతికి తెలిపే జారుడు లేదు. ఆకురాయి పట్టి ఇనుపముక్కను చదును చేయడంలో చేతులు బొబ్బలెక్కించుకొన్న పాతకాలపు శిక్షణను వెక్కిరించడం తేలిక. ఆ బొబ్బలలోనే లోహపు స్వభావం చేతికి ఎక్కేది. సిమ్యులేటరు వచ్చినదని ఆకురాయిని మూలపెట్టరాదు. ఒకటి బుద్ధికి, రెండవది చేతికి.

లాగుబుక్కులో నిజం

యంత్రజ్ఞానంతోపాటు నేర్పవలసినది మరొకటి ఉన్నది. ప్రతి పూటా వేడి, ఒత్తిడి, నూనెమట్టం లాగుబుక్కులో వ్రాయవలె. నిన్నటి అంకెలనే నేడు దించివ్రాయడం ఎంత తేలికో చెప్పనక్కరలేదు. కాని బేరింగు వేడి రోజుకొక డిగ్రీ చొప్పున పెరుగుతూ ఉంటే, ఆ సంగతి బయటపెట్టేది పదిరోజుల నిజమైన అంకెలు మాత్రమే. ఓడ అడుగున చేరిన నూనెనీటిని పదిలక్షల పాళ్ళలో 15 పాళ్ళకు మించి నూనె లేకుండ వడగట్టి గాని సముద్రంలోనికి వదలరాదని అంతర్జాతీయ నియమం. శ్రమ తప్పించుకొనుటకు దొంగగొట్టం బిగించి, పుస్తకంలో అబద్ధం వ్రాసి, పరదేశపు న్యాయస్థానాలలో శిక్షపడిన ఇంజనీర్లు ఉన్నారు. పైవాని ఆజ్ఞ ప్రకారం చేసినానన్న క్రిందివాడు కూడ బోనెక్కక తప్పలేదు. శిక్షణకాలంలో తాను చేసిన పనులు నమోదుచేసే పుస్తకంలో, చేయని పనిని చేసినట్లు వ్రాసిన విద్యార్థి ఆ దారిలో మొదటి అడుగు వేసినవాడే.

భాష సంగతి కూడ చెప్పవలె. ఓడమీద పలుదేశాలవారు ఉంటారు, పనిభాష ఇంగ్లీషు. అది రాకపోతే ఆజ్ఞ అర్థం కాదు. అర్థం కాకపోతే ప్రాణం నిలువదు. ఇంగ్లీషు తప్పక నేర్వవలె. కాని క్రాంకు పెట్టెలో నూనెపొగ ఎందుకు పేలుతుందో మొదట తల్లిభాషలో బోధపడినవానికి, ఇంగ్లీషు పాఠం మరచిపోరానిదవుతుంది. ఇట్టి సంగతులు చెప్పడానికి తెలుగులో మాటలు లేవనేవారు సిరిసిల్ల పోయి చూడవలె. చేతిమగ్గంనాటి పడుగు, పేక, నాడె, కండె అనే మాటలు కరెంటుతో నడిచే సాంచె మీదికి ఏ పండితసభ తీర్మానం లేకుండనే ఎక్కి కూర్చున్నవి. అవసరమైన ఇంగ్లీషు మాటలు వానిప్రక్కనే ఒదిగినవి. పనిచేసేవారి చేతిలో భాష ఎన్నడూ పేదది కాదు.

దళారి మాట

చివరకు తల్లిదండ్రులతో ఒక మాట. గల్ఫు ప్రయాణాలకై ఎకరాలు అమ్మి, అప్పులు తెచ్చి, దళారుల చేతిలో పోసిన కుటుంబాల కథలు కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలకు క్రొత్తవి కావు. ఓడ ఉద్యోగం పేరిటను ఆ వల విసిరేవారు ఉన్నారు. తెలుసుకొనవలసినవి మూడే సంగతులు. ఓడలకు మనుషులను చేర్చే సంస్థకు కేంద్రప్రభుత్వపు నౌకాయాన డైరెక్టరేటు జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉండవలె. లైసెన్సు ఉన్న సంస్థల పట్టీ, అనుమతి పొందిన శిక్షణాలయాల పట్టీ ఆ కార్యాలయం ప్రకటిస్తుంది. రెండవది, ఉద్యోగం ఇప్పించినందుకు నావికునివద్ద రుసుము తీసికొనడం చట్టవిరుద్ధం. అడిగినవాడు మోసగాడని అక్కడనే తేలిపోతుంది. మూడవది, శిక్షణ లేకుండ ధ్రువపత్రం ఇప్పిస్తామన్న మాట. దానిని అందరికంటె ఎక్కువ భయంతో వినవలె. దొంగ పత్రంతో గుమాస్తా అయినవాడు లెక్క తప్పుతాడు. దొంగ పత్రంతో ఇంజను గదికి దిగినవాడు తెరవరాని తలుపు తెరుస్తాడు. అతని వెనుక ఇరవై ప్రాణాలున్నవి.

శరీరపుష్టి, రంగులు తప్పక గుర్తించే కంటిచూపు, నెలల తరబడి ఇంటి ముఖం చూడకుండ ఉండగల గుండెదిటవు ఈ ఉద్యోగానికి అవసరం. పండుగకు రాలేడు, తండ్రి మంచంపట్టినాడన్న కబురు అందినా నడిసముద్రంనుండి దిగిరాలేడు. ఈ సంగతి ముందే చెప్పి పంపడం న్యాయం. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినపుడు దాని ఇంజనీర్లలో ఒక్కడూ బ్రతకలేదు. పైనున్నవారు పడవలెక్కుటకు దీపాలు వెలుగుతూ ఉండవలెనని వారు చివరివరకు క్రిందనే ఉండిపోయినారు. అట్టి త్యాగం అందరికీ రాసిపెట్టి ఉండదు, ఉండరాదు కూడ. మంచి శిక్షణకు పరమార్థం అదే. వీరమరణం అక్కర లేకుండ చేయడమే దాని పని.

ఓడకు పోదలచిన కుర్రవాడు ప్రవేశపరీక్ష పుస్తకాలు తెరిచే ముందు ఒక వేసవి సెలవులు సిరిసిల్లలో మరమ్మతు మేస్త్రీ దగ్గర గడుపుట మంచిది. జీతం అడగరాదు. విప్పిన మరలను విప్పిన వరుసలో పేర్చడం, బిగించిన ప్రతి తీగను ఒకసారి లాగిచూడడం, తెలియనిచోట తెలియదని చెప్పడం, ఈ మూడు అలవాట్లు పట్టుబడితే చాలు. తక్కినది కలకత్తాలోనో, చెన్నపట్నంలోనో నేర్పుతారు. ఈ మూడు మాత్రం ఇంటివద్దనే నేర్చుకొని పోవలె.